వెనక దెబ్బ తిన్న బండి

ఫిబ్రవరి 11

ఒరేయ్ తమ్ముడూ,

ఎలా ఉన్నావని అడగను. బాగుంటే నీ అంతట నువ్వే నాలుగు పేజీలు రాస్తావు, బాగోకపోతే ఆరు రాస్తావు. రెండూ రాలేదంటే మీ పాత బళ్ల యార్డులో పని ఎక్కువై ఉంటుంది.

ఫోన్ చేద్దామనే అనుకున్నాను. కానీ ఫోన్ ఉండేది మీ బావ కుర్చీ పక్కన. పైగా గొట్టాలూ స్ప్రింగులూ నోటితో చెబితే నాకు ఎక్కదు, నువ్వు బొమ్మ గీస్తేగానీ. అందుకని కాయితమే.

అడగాలంటే సిగ్గుగా ఉంది. చిన్నప్పుడు నీకు సైకిల్ నేర్పించిన దాన్ని, ఇప్పుడు కారు గురించి నిన్ను అడగాల్సి వస్తోంది. మీ బావ నడుం ఆపరేషన్ అయ్యాక ఆ కిందకి ఉండే సీట్లో కూర్చోలేక స్టీరింగు నా చేతికిచ్చి ఏడాది దాటింది కదా. ఇంజన్ ఆయన కట్టిందే. తన లేత్ షాపులో గిరాకీ పని అయ్యాక ఒక్కో ముక్కా తిప్పి, కొలిచి, మళ్లీ తిప్పి, రెండేళ్లు కట్టారు. దాన్ని నేను నడపడమే ఎక్కువ. మొన్న ఆదివారం రేసులో ఏం చేశానో చూడు.

ఐదో చుట్టులో ఆయిల్ వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాటేసింది. భయమేసి యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీసేశాను. ఇంక ఒక్కొక్కరూ పక్కనుంచి వెళ్లిపోతూనే ఉన్నారు. చివరికి నా వెనక అంబులెన్సు ఒక్కటే మిగిలింది. మైకు పట్టుకున్నతను "పళ్ల డాక్టరమ్మ గారు షికారుకి వచ్చినట్టున్నారు" అన్నాడు. నేను డాక్టర్ని కాదనీ, ల్యాబులో పళ్లసెట్లు తయారు చేస్తాననీ వాడికి ఎవరు చెబుతారు? జనం ఒకటే నవ్వు. మీ బావ ట్రాక్ గోడ దగ్గర, నడుముకి ఆ వెడల్పాటి బెల్టు కట్టుకుని, మొహం అటు తిప్పుకుని నిలబడ్డారు. బండి ఆపాక దగ్గరికొచ్చి "కాలు తీసి మంచి పని చేశావు, ఇంజన్ దక్కింది" అన్నారు. ఆ మంచిమాటకే నాకు తల కొట్టేసినట్టయింది. తిట్టినా బాగుండేది.

ఇంకో సంగతి. షాక్ అబ్జార్బర్లు అరిగిపోయాయి. మలుపు తిప్పితే బండి నిద్రమత్తులో ఉన్న మనిషిలా నా మీదకి ఒరుగుతుంది.

ఈ ఏడాదికి మా చేతిలో ఉన్నదాంతో ఒక్కటే కొనగలం. ఆయిల్‌ని చల్లబరిచే కూలరా, షాక్ అబ్జార్బర్లా? మీ బావ కూలరే అంటున్నారు, అదీ కొత్తదే. నాకేమో రెండూ కావాలి. అత్యాశే అనుకో. నువ్వు పొద్దస్తమానం పాత బళ్ల మధ్య ఉంటావు, ఏదైనా దారి చెప్పు. నేను అడిగానని ఆయనకి తెలియనక్కర్లేదు.

మరదల్ని అడిగానని చెప్పు.

అక్క

•

ఫిబ్రవరి 19

అక్కా,

నీ ఉత్తరం చదివి యార్డంతా ఒక రౌండు తిరిగొచ్చాను, మా అక్క నన్ను సలహా అడిగిందని చెప్పుకుంటూ. ఇన్నాళ్లకి నా విలువ తెలిసింది.

నీకు రెండూ వస్తాయి. విను.

ముందు సస్పెన్షన్. ఎత్తు తిప్పుకోవచ్చు, గట్టిదనం తిప్పుకోవచ్చు అని మెరిసే డబ్బాల్లో ఒక చవక కిట్ అమ్ముతున్నారు చూడు, దాని జోలికి వెళ్లకు. తిప్పడానికి మరలైతే ఉంటాయిగానీ, తిప్పితే తేడా ఏమీ రాదు. ఎవడైనా పాత స్ప్రింగుల్ని కోసి బండి దించుకోమంటే వాణ్ని గుమ్మం తొక్కనివ్వకు. మామూలు గట్టి స్ప్రింగులు, వాటికి తగ్గ మంచి కంపెనీ షాక్ అబ్జార్బర్లు నాలుగు, ముందు చక్రాల దగ్గర రబ్బరు బుష్‌లు. అంతే. ఉన్న డబ్బంతా దీనికే పెట్టు. ఎక్కడ ఏది బిగించాలో వెనక పేజీలో బొమ్మ గీశాను. చక్రంలా కనబడేది చక్రమే, నవ్వకు.

ఇక కూలర్. అది కొనక్కర్లేదు. మా యార్డుకి పోయిన వారమే ఒక బండి వచ్చింది. వెనక నుంచి దెబ్బ తింది. డిక్కీ వచ్చి వెనక సీట్లో కూర్చుంది గానీ, ముందు భాగం పెళ్లికూతురులా ఉంది. అందులో అసలు సిసలు ఆయిల్ కూలర్, చిన్న గీత కూడా లేదు. మా మేనేజరు ఊరికే తీసుకోమన్నాడు. కిరసనాయిలుతో మూడుసార్లు కడిగి పంపిస్తాను. రేడియేటరు ముందు, రబ్బరు దిమ్మల మీద బిగించండి, లేకపోతే అదురుకి దాని బిగింపు చెవులు విరుగుతాయి. పైపులు మాత్రం కొత్తవి వాడండి.

బావ కొత్తదే అంటారని నాకు తెలుసు. ఆయనకి లేత్ మీద నుంచి అప్పుడే దిగిన ముక్క తప్ప ఏదీ నచ్చదు. ఆయన చాదస్తం కోసం నువ్వు మళ్లీ అంబులెన్సు ముందు షికారు చెయ్యాలా?

గొప్ప తమ్ముడు

•

మార్చి 14

గొప్ప తమ్ముడూ,

నీ పార్సెలు అందింది. పొత్తిళ్లలో చుట్టిన పసిబిడ్డలా పంపావు, విప్పడానికే గంట పట్టింది.

మీ బావ దాన్ని చేతిలోకి తీసుకుని, వెలుతురులోకి పట్టి చూశారు, వాసన చూశారు. అటూ ఇటూ ఊపి చెవి దగ్గర పెట్టుకున్నారు. తర్వాత బల్ల మీద పెట్టేసి, "ఆయిల్ పోయే దారిలో పాత సామాను వద్దు. దీని లోపల ఏముందో మనకి కనబడదు" అన్నారు.

"మా తమ్ముడు మూడుసార్లు కడిగాడు" అన్నాను.

"లోపల రేకులన్నీ మెలికలు తిరిగి ఉంటాయి. ఏదైనా ఇరుక్కుంటే ముప్పైసార్లు కడిగినా రాదు."

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. నేను ఊరుకోలేదు. మా వైపు నుంచి ఏది వచ్చినా మీకు వంకే కనబడుతుంది అన్నాను. మా పెళ్లప్పుడు మనవాళ్లు పెట్టిన గడియారం దగ్గర్నుంచీ మొదలుపెట్టాను. లేత్ దగ్గర పనివాడు వింటున్నాడని కూడా చూసుకోలేదు. ఆయన కాసేపు చేతులు తుడుచుకుంటూ నిలబడి, "సరే, బిగిద్దాం" అన్నారు. ఆయనే బిగించారు. నడుం వంగదు కదా, బండి కింద చాప పరుచుకుని వెల్లకిలా పడుకుని, మధ్యమధ్యలో కళ్లు మూసుకుంటూ బిగించారు. నేను టార్చి పట్టుకున్నాను.

నిన్న ప్రాక్టీసుకి వెళ్లాం. ఏం చెప్పమంటావురా! ముల్లు మధ్యలో నిలబడి కదిలితే ఒట్టు. షాక్ అబ్జార్బర్లు నువ్వు చెప్పినవే వేయించాం. మలుపులో బండి ఎక్కడికి చూస్తే అక్కడికి వెళ్తోంది. ఆ మైకు అతను కూడా వచ్చి బానెట్ ఎత్తి చూశాడు. "మా తమ్ముడు పంపాడు" అని అడక్కుండానే చెప్పాను.

ఇంటికొచ్చాక మాత్రం ఆ రోజు నోరు పారేసుకున్నది గుర్తొచ్చి మొహం ఎత్తలేకపోయాను. మీ బావ ఏమీ అనలేదు. ఆయన అనరని తెలిసే కదా నేను అంత మాటన్నది.

అక్క

•

మార్చి 22

అక్కా,

నీ ఉత్తరాన్ని మా క్యాంటీన్‌లో గోడకి అతికించమన్నారు, నేనే వద్దన్నాను. దిష్టి తగులుతుందని.

బావకి నా తరఫున ఒక మాట చెప్పు. కడిగిన సామాను కడిగినదే అని. కోపంగా చెప్పకు, నవ్వుతూ చెప్పు. ఆయన లెక్క ప్రకారం పాతదేదీ పనికిరాదంటే మా యార్డులో వందమందికి పని ఉండదు. పాతదంతా చెడ్డది కాదని ఆయన ఒప్పుకుంటే నాకు చాలు, ఇంకేమీ వద్దు.

అసలు రేసు ఎప్పుడు? ఏప్రిల్లోనేగా? బండి ఫోటో ఒకటి తీసి పంపు. బానెట్ ఎత్తి ఉండాలి. కూలర్ కనబడాలి. నువ్వు కనబడకపోయినా ఫరవాలేదు.

వర్షం పడితే వెనక టైర్లలో గాలి కొంచెం తగ్గించు. ముందు వాటి జోలికి వెళ్లకు.

తమ్ముడు

•

మే 2

తమ్ముడూ,

ఉత్తరం ఆలస్యమైంది, ల్యాబులో పని ఎక్కువగా ఉంది.

ఈ సీజనుకి రేసులు ఆపేశాను. మోకాలు నొప్పి. క్లచ్ తొక్కి తొక్కి వాచిపోయింది. డాక్టరు విశ్రాంతి తీసుకోమన్నాడు. కంగారు పడేంత ఏమీ లేదు.

పిల్లల పరీక్షలు అయ్యాయా? మరదలికి చేతి నొప్పి తగ్గిందా?

ఫోటో తర్వాత పంపిస్తాను.

అక్క

•

మే 13

అక్కా,

అరపేజీ ఉత్తరం నువ్వు నీ జన్మలో రాయలేదు. మోకాలు నొప్పి అట! నిలబడి నిలబడి కాళ్లు వాచినా ల్యాబుకి సెలవు పెట్టని మనిషివి. నాకు తెలియదనుకున్నావా?

మీ ఊరి రేసుల ఫలితాలు ఇక్కడ పత్రికలో చిన్న అక్షరాల్లో వేస్తారు. ఏప్రిల్ రేసులో నీ పేరుకి ఎదురుగా "పూర్తి చేయలేదు" అని ఉంది. మధ్యలో మానేశావన్నమాట. ఎందుకు మానేశావో నేను చెప్పనా?

బావ మాన్పించారు.

తను కూర్చోలేని సీట్లో నువ్వు కూర్చుని, ఆయన ఎప్పుడూ తిరగనంత వేగంగా మలుపులు తిరుగుతుంటే, బెల్టు కట్టుకుని గోడ పక్కన నిలబడి చూడటం ఆయనకి నచ్చలేదు. అందులోనూ అది నేను చెప్పిన సస్పెన్షన్, నేను పంపిన కూలర్. ఆయన వద్దన్నది పనిచేసింది. అది మింగుడు పడలేదు. పందెం కడతాను, ఈపాటికి నా కూలర్ని విప్పేసి ఎక్కడో మూల పడేసి ఉంటారు. నిజమా కాదా?

నువ్వేమో ఆయన చెప్పిందానికి తలూపి, మోకాలి మీద నెట్టేసి నాకు అబద్ధం రాశావు. ఊరంతా నవ్వినప్పుడు నేను గుర్తొచ్చాను. పని అయిపోయాక అరపేజీ.

నాకు దాపరికం లేదు. ఈ ఉత్తరం బావకి చూపించినా సరే.

తమ్ముడు

•

మే 24

తమ్ముడూ,

చూపించాను. నేను చూపించడమేమిటి, గేటు దగ్గర పోస్టుమాన్ ఇచ్చింది ఆయన చేతికే. మధ్యాహ్నం భోజనాల బల్ల మీద పెట్టి "మీ తమ్ముడు ఏం రాశాడో చదువు" అన్నారు. పైకి చదవడం మొదలుపెట్టి, "బావ మాన్పించారు" దగ్గర ఆగిపోయాను. ఆయన చెయ్యి చాపి తీసుకుని మిగతాది తనే చదువుకున్నారు.

ఇప్పుడు నిజం చెప్పక తప్పదు. ఎవరి మీద అన్నావో నీకు తెలియాలి.

ఏప్రిల్ రేసులో ఏడో చుట్టు. ముల్లు మధ్యలోనే ఉంది. నేను మూడు బళ్లని దాటాను, నాలుగోదాన్ని దాటబోతున్నాను. అప్పుడు ఇంజన్ లోపల ఎవరో సుత్తితో కొడుతున్నట్టు చప్పుడు మొదలైంది. నేను కాలు తీసేలోపే చప్పుడు ఆగిపోయింది, దాంతోపాటు ఇంజనూ ఆగిపోయింది. వెనక చక్రాలు పట్టేసి బండి అడ్డం తిరిగి గడ్డిలోకి వెళ్లింది. నాకేమీ కాలేదు.

నా తప్పే అనుకున్నాను. గేరు తప్పు వేసి ఇంజన్ని చంపేశాననుకుని ట్రాలీలో వస్తున్నంతసేపూ ఏడ్చాను. ఆయన "గేరు వల్ల కాదు" అంటూనే ఉన్నారు. మర్నాడు షాపులో ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే ఛాంబర్ విప్పితే ఆయిలంతా మెరుపులే. పళ్లసెట్లకి పాలిష్ పెట్టినప్పుడు నా వేళ్ల మీద పడే పొడిలా ఉంది, కానీ గరుకు. బేరింగులన్నీ అరిగిపోయి ఉన్నాయి. వాటి మధ్య తిరిగే ఇరుసు, ఆ క్రాంక్, గీతలు పడిపోయింది. ఆయన వెళ్లి నీ కూలర్ని విప్పి తెచ్చారు. దాన్ని వైస్‌లో బిగించి, హాక్సా బ్లేడుతో మధ్యకి కోశారు.

లోపల మెలికల రేకుల మధ్య పాత లోహపు పొడి గట్టిగా అట్టకట్టి ఉంది. మా ఇంజన్‌ది కాదు, నల్లబడిపోయిన పాతది. వేడి ఆయిల్ తగిలి కొంచెం కొంచెంగా ఊడి వచ్చినట్టుంది. నువ్వు మూడుసార్లు కడిగిన మాట నిజమే అయ్యుంటుంది. కడిగినా కనబడదని ఆయన ముందే అన్నారు.

ఆ ముక్కలు చేతిలో పట్టుకుని ఆయన అన్న మాట ఒక్కటే. "వాడికి రాయకు. మంచి చేద్దామనే పంపాడు, మనసు కష్టపెట్టుకుంటాడు. మోకాలు నొప్పని రాయి."

ఆ మోకాలు ఆయన చెప్పిందేరా.

నేను ఆయన్ని పనివాడి ముందు మాటలన్న దాన్ని. ఆయన మాటకి వంకపెట్టి, నీ పార్సెలు గెలిపించి, ఆయన రెండేళ్ల కష్టాన్ని ఏడు చుట్లలో బూడిద చేసిన దాన్ని. ఆయన ముందు కూర్చుని అన్నం తినడానికే సిగ్గుపడుతున్నాను. ఆ సిగ్గు నాకు చాలదన్నట్టు నువ్వు ఇంకో నాలుగు మాటలు పంపావు.

నీ ఉత్తరం చదివాక ఆయన కోప్పడతారనుకున్నాను. మడిచి పెట్టి, "గోడ పక్కన నిలబడే సంగతి మాత్రం వాడు సరిగ్గానే రాశాడు. నువ్వు వెళ్తుంటే చూడటం నాకు కష్టంగానే ఉంటుంది. అయినా నువ్వు ఆపితే ఇంకా కష్టం" అన్నారు. లేచి షాపుకి వెళ్లిపోయారు.

దీనికి జవాబు వెంటనే రాయకు. వెంటనే రాస్తే నువ్వు ఏం రాస్తావో నాకు తెలుసు.

అక్క

•

జూన్ 30

అక్కా,

వెంటనే రాయొద్దన్నావు. రాయలేకపోయాను కూడా. మొదలుపెట్టినవన్నీ చించేశాను.

నీ ఉత్తరం వచ్చిన రోజు పనిలోకి వెళ్లి, ఆ బండిని మా యార్డుకి లాక్కొచ్చిన క్రేను డ్రైవర్ని పట్టుకున్నాను. "వెనక దెబ్బ తిన్న ఆ తెల్లబండి గుర్తుందా?" అని అడిగాను. "ఎందుకు గుర్తుండదు? ఇంజన్ సీజై, లోపల పట్టేసి, నడిరోడ్డు మీద ఉన్నపళంగా ఆగిపోయింది. వెనక వస్తున్న లారీవాడికి బ్రేకు వేసే టైం లేదు పాపం" అన్నాడు.

అదక్కా సంగతి. బండికి దెబ్బ ఎక్కడ తగిలిందో చూశాను గానీ, అది రోడ్డు మధ్యలో ఎందుకు ఆగిందని నేను ఎవర్నీ అడగలేదు. అదే నా ఉద్యోగం. ఏ బండి ఎలా చచ్చిందో కనుక్కుని, పనికొచ్చే ముక్కలు విడదీసి అలమరల్లో పెట్టడమే నా పని. చచ్చిన ఇంజన్ మీద నుంచి తీసిన కూలర్ని ఎవరికీ అమ్మకూడదని మొదటి నెలలోనే నేర్పిస్తారు. ఊరికే వస్తోందన్న సంబరంలో, మా అక్కకి గొప్ప చూపించాలన్న తొందరలో నేనది అడగలేదు. నిన్ను గడ్డిలోకి విసిరేసింది నేను. ఆ లారీ లాంటిది నీ వెనకా ఒకటి ఉండి ఉంటే? ఆ ఆలోచన వస్తే కూర్చున్న చోట కూర్చోలేకపోతున్నాను.

ఆ పైన ఆ ఉత్తరం. అందులో నేను రాసిన ప్రతి మాటా నాకు నోటికొచ్చు. పనిలో ఉండగా, బస్సులో ఉండగా, ఉన్నట్టుండి "మింగుడు పడలేదు" అని నా గొంతే నాకు వినిపిస్తోంది. ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూస్తున్నాను. క్యాంటీన్‌లో "మీ అక్క ఎలా నడుపుతోంది?" అని ఇంకా అడుగుతున్నారు. టీ తాగడం మానేశాను.

బావకి ఉత్తరం రాద్దామని కూర్చుంటాను. "బావా" అని రాసి, ఆ తర్వాత కలం కదలదు. క్షమించమని అడిగితే ఆయన వెంటనే సరేలే అంటారు. అలా అనిపించుకోవడానికే అడిగినట్టుంటుంది.

మీ ఇంజన్‌కి సరిపోయే క్రాంక్ మా దగ్గర ఒకటి ఉంది, మంచిది, పంపనా అని ఈ ఉత్తరం మొదటిసారి రాసినప్పుడు రాశాను. రాసి చూసుకుంటే ఒళ్లు మండింది. నా చేత్తో ఏదీ మీ ఇంటికి రాకూడదు. కొట్టేశాను.

నీ మోకాలు బాగుందని సంతోషం. ఈ మాట రాయడానికి కూడా నాకు అర్హత లేదు.

తమ్ముడు

•

ఆగస్టు 17

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి, కోపం పోయిందని రాద్దామనుకున్నాను. పోలేదు. కొంచెం మిగిలింది. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను, ఇంతకుముందు అబద్ధం రాసి ఏం బాగుపడ్డామో చూశాం కదా.

క్రాంక్ గ్రైండింగ్ చేయించారు. గీతలు పోయాయి. ఆ సైజుకి తగ్గ బేరింగులు దొరికాయి. ఆయన మళ్లీ మొదటి నుంచీ కడుతున్నారు. ఈసారి ఆయన స్టూలు మీద కూర్చుంటే, వంగే పనులన్నీ నేను చేస్తున్నాను. ఇంజన్ లోపల ప్రతి సందూ నా వేళ్లతో తుడిచాను. పళ్ల మధ్య సందులు చూసే కళ్లు నావి, బాగానే పనికొచ్చాయి. ఒకరోజు పనివాడి ముందే "అప్పుడు మిమ్మల్ని తప్పుగా అన్నాను" అన్నాను. ఆయన "ఆ పదమూడో నంబరు స్పానర్ ఇటివ్వు" అన్నారు. మొహం మాత్రం ఎర్రబడింది. ఆయనకీ సిగ్గే. ఈ ఇంట్లో ఒకరి సిగ్గుకి ఒకరం అడ్డు తప్పుకుంటూ తిరుగుతున్నాం.

ఇక బడ్జెట్టు. కొత్త కూలర్ కొనాలంటే నువ్వు చెప్పిన ఆ మంచి షాక్ అబ్జార్బర్లు అమ్మాల్సి వచ్చింది. మైకు అతనే కొనుక్కున్నాడు, వాడికీ ఒక బండి ఉందట. మా పాతవి మళ్లీ బిగించాం. కాబట్టి మలుపుల్లో బండి మళ్లీ నా మీదకి ఒరుగుతుంది. ఒరగనీ. మీ బావ "మలుపుకి ముందే నెమ్మదించి, తిన్నగా అయ్యాక తొక్కు. చవకలో దొరికే సస్పెన్షన్ అదొక్కటే" అన్నారు. అలాగే నేర్చుకుంటున్నాను.

నవంబరు ఇరవైన రేసు. నువ్వొస్తావని నేను ఎదురుచూడను, రావద్దనీ అనను. మీ బావ నీ గురించి ఏమన్నారని అడుగుతావు. ఏమీ అనలేదు. నీ ఉత్తరం మాత్రం చదివారు. క్రేను డ్రైవరు మాట దగ్గర "అడిగాడన్నమాట" అన్నారు. అంతే.

క్యాంటీన్‌లో టీ తాగు. మానేసి ఎవర్ని ఉద్ధరిస్తావు?

అక్క

•

నవంబరు 20, ట్రాక్ గేటు దగ్గర

అక్కా,

ఈ కాయితం నీకు గేటు కాపలా పెద్దాయన తెచ్చిస్తారు. నేను బయటే ఉన్నాను.

పొద్దున్నే వచ్చాను. టిక్కెట్టు కొన్నాను. లోపలికి రాబోతుంటే మీ ట్రాలీ కనబడింది, బావ స్టూలు మీద కూర్చుని టైర్లలో గాలి చూస్తున్నారు. వెనక్కి వెళ్లి, చివరి మలుపు దగ్గర కంచె బయట, గొడుగు వేసుకున్న ఒక ముసలాయన పక్కన నిలబడ్డాను.

నీ బండి మొదటిసారి ఆ మలుపులో పక్కకి ఒరిగి, లోపలి చక్రం నేల వదిలి వస్తుంటే ఆ ముసలాయన "ఎవరండీ ఆ నడిపేది? పడిపోదు కదా?" అన్నాడు. "తెలీదండి" అన్నాను. అక్కా, నేను తెలీదన్నాను. నువ్వు నా అక్కవని చెప్పుకోవడానికి నాకేం హక్కుంది అనిపించింది.

తర్వాత ప్రతి చుట్టులోనూ నీ ఇంజన్ చప్పుడే విన్నాను. ఏడో చుట్టు వస్తుంటే కళ్లు మూసుకున్నాను. శుభ్రంగా వెళ్లిపోయావు. ఎనిమిదిలో నీ ముందున్న నీలం బండి మలుపులోకి తొందరపడి వెడల్పుగా వెళ్తే, నువ్వు ముందే నెమ్మదించి, తిన్నగా అయ్యాక తొక్కి, లోపలి వైపు నుంచి దాటేశావు చూడు! నేను ఏమని అరిచానో నాకే తెలీదు. గొడుగాయన ఉలిక్కిపడి "తెలీదన్నారుగా?" అన్నాడు.

"మా అక్కండి" అన్నాను. "ఆ ఇంజన్ మా బావ కట్టారండి."

"అలాగా? మరి లోపలికెళ్లకుండా కంచె బయట ఏం చేస్తున్నారు?"

ఆయన అలా అడిగాక ఇంక అక్కడ నిలబడబుద్ధి కాలేదు. అందుకే గేటు దాకా వచ్చాను. ఇక్కడ ఆగి ఈ కాయితం రాస్తున్నాను. ముగింపు గీత దాటాక మీ బండి ఆగిపోయినట్టు కనబడింది, ఇంజన్‌కి ఏమీ కాలేదు కదా?

బావ రమ్మంటే వస్తాను. వద్దంటే ఆ మాట కూడా ఈ పెద్దాయన చేతే చెప్పించు, ఏమీ అనుకోను. నీ రేసు చూశాను, అది చాలు.

తమ్ముడు

•

(అదే కాయితం వెనక వైపు)

ఒరేయ్,

ఇంజన్ రాయిలా ఉంది. క్లచ్ వైరు తెగింది.

మీ బావ రమ్మనమని అనలేదు. బండిని ట్రాలీ ఎక్కించాలి. నేను స్టీరింగు దగ్గర ఉండాలి, ఆ నడుంతో ఆయన తొయ్యకూడదు. నీ కాయితం మొత్తం చదివి, "వాడి చేతులు ఖాళీగానే ఉన్నాయా?" అని అడిగారు.

తొందరగా రా, వెనక బళ్లవాళ్లు హారన్లు కొడుతున్నారు.

అక్క